గిన్నె మీది పేరు

మా అన్న ఇంటి మీద రైడ్ పడిన సంగతి నాకు చింతపండు పిసుకుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది మా వదిన కాదు, వాళ్ళ ఎదురింటావిడ. "మీ అన్నగారింటికి పొద్దున్నే రెండు జీపుల్లో వచ్చినారండీ. బీరువాలన్నీ బయట పెట్టి చూస్తా ఉండారు" అంది. ఆమె గొంతులో జాలి ఉంది. జాలి వెనకాల కొంచెం సంబరం కూడా ఉంది. నేను చెయ్యి కడుక్కుని పులుసుకు తిరగమోత పెట్టాను. మధ్యాహ్నానికి భోజనం డబ్బాలు ఎలక్ట్రానిక్ సిటీకి చేరాలి. ఎవరింటి మీద రైడ్ పడినా అక్కడి వాళ్ళకు ఆకలి వేస్తుంది కదా.

రెండు వేల మూడు, ఉగాది వెళ్ళిన వారం. మా మెస్ చందాపురలో మా ఇంటి కింది భాగంలోనే ఉండేది. పైన రెండు గదులు బాడిగకు ఇచ్చాను. నేనూ మా అమ్మాయి భవ్యా వెనక గదిలో ఉండేవాళ్ళం. భవ్య అప్పుడే కాల్ సెంటర్‌లో చేరింది. రాత్రంతా ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడి పొద్దున వచ్చి పడుకునేది.

మా అన్న గురుమూర్తి ఇళ్ళ ప్లాన్లు మంజూరు చేసే ఆఫీసులో ఇంజనీరు. లంచం తిన్నాడా అంటే తిన్నాడు. ఆ జీతంతో జయనగర్‌లో రెండంతస్తుల ఇల్లు లేవదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరమూ అనలేదు. పండగకు పోయి ఆ ఇంట్లో హోళిగెలు, అదే బొబ్బట్లు, తిని వచ్చేవాళ్ళం. కాబట్టి రైడ్ పడిందంటే నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు అనుకున్నాను. ఆ నీళ్ళు నా ఇంటిదాకా వస్తాయని మాత్రం అనుకోలేదు.

డబ్బాల బండి వెళ్ళిన కాసేపటికే జీపు మా గేటు ముందు ఆగింది. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడ కానిస్టేబులు. వాళ్ళలో పెద్దాయన నుదుట విభూతి పెట్టుకుని పెళ్ళిచూపులకు వచ్చిన మామగారిలా ఉన్నాడు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. ఆయన కన్నడంలోనే మాట్లాడాడు, నేనూ కన్నడంలోనే చెప్పాను.

"ఈ ఇల్లు ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"ఎవరు కట్టించారు?"

"నేనే."

ఆయన తల ఊపి వంటింట్లోకి వచ్చాడు. పెద్ద డేగిసాలు, సంగటి కెలికే కట్టె, ఎండబెట్టిన మిరపకాయలు అన్నీ చూశాడు. తర్వాత అటక కింది అలమారలోంచి ఒక చిన్న స్టీలు గిన్నె తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి, దాని మీద చుక్కచుక్కలుగా కొట్టిన కన్నడ అక్షరాలు పైకే చదివాడు. "శ్రీమతి లక్ష్మీదేవి, శ్రీ గురుమూర్తి. నూతన గృహప్రవేశం. చందాపుర."

"మీ అన్నగారింట్లో ఇలాంటివి ఇంకో నాలుగు దొరికాయి" అన్నాడు. "ఇల్లు మీదయితే దీని మీద మీ పేరు లేదేం?"

ఆయన గిన్నెను తిప్పి చూస్తూ మళ్ళీ మెల్లగా అన్నాడు. "మీ అమ్మగారు కూడా పొద్దున అదే చెప్పారు. చందాపుర ఇల్లు కూడా మావాడే కట్టించాడు అని. మేము అడగలేదమ్మా. ఆమే చెప్పింది."

ఆయన గిన్నెను గుడ్డసంచిలో వేసుకున్నాడు. ఆడ కానిస్టేబులు మంచినీళ్ళు అడిగి తాగింది. వాళ్ళు పోయాక పొయ్యి మీద అన్నం అడుగంటిందని వాసనను బట్టి తెలిసింది.

ఆ గిన్నె సంగతి చెప్పాలి. ఇల్లు పూర్తయింది తొంభై ఏడులో. మావాళ్ళలో మొగుడు పోయినదానికి పీట లేదు. భవ్య వాళ్ళ నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళు. కాబట్టి గృహప్రవేశానికి పీటల మీద కూర్చున్నది అన్న, వదిన. ఆవు వెంట ముందు నడిచింది వాళ్ళు. పాలు పొంగించింది వదిన. కార్డు మీద ఆహ్వానించేవాళ్ళ పేర్లు వాళ్ళవే. వచ్చినవాళ్ళకు తాంబూలంలో ఇవ్వడానికి చిక్కపేటలో గిన్నెలు కొన్నప్పుడు షాపువాడు ఏం పేరు కొట్టమంటారు అని అడిగాడు. మా అమ్మ ఓబులమ్మ నా వైపు కూడా చూడకుండా "మావాడి పేరు, కోడలి పేరు కొట్టప్పా" అంది. బయటికి వచ్చాక నాతో అంది. "మొగుడు లేనిదాని పేరున్న గిన్నె ఎవురింట్లో పెట్టుకుంటారు మ్మే? ఎత్తి బయట పారేస్తారు." ఆ గిన్నెల డబ్బు ఇచ్చింది నేనే. సొమ్మొకరిది సోకొకరిది అని మీరు నవ్వుకోవచ్చు. నాకు ఆ రోజు అలా అనిపించలేదు. పెరట్లో కూర్చుని హోళిగెలు కాలుస్తూ, లోపల మంత్రాలు వింటూ, ఇంత సంతోషం నాకెందుకు వచ్చిందా అనుకున్నాను.

తర్వాత మా అమ్మ కనబడిన చుట్టానికల్లా చెప్పేది, మావాడు చెల్లెలికి ఇల్లు కట్టించి ఇచ్చినాడని. నేనెప్పుడూ కాదనలేదు. అన్న నీడనున్న విధవకు ఒక మర్యాద ఉంటుంది. మెస్ పెట్టుకుని పదిమందికి కూడు వండి ఇల్లు కట్టిన విధవ గురించి జనం వేరేగా మాట్లాడతారు. ఆ మాటతో అమ్మకు గొప్ప, అన్నకు పేరు, నాకు నిమ్మళం. దానివల్ల నాకు పోయేదేముంది అనుకున్నాను. ఒకటి మాత్రం చెప్పాలి. ఇల్లు కడుతున్నన్ని ఆదివారాలూ అన్న బస్సెక్కి వచ్చి మేస్త్రీతో పోట్లాడి, గోడలకు తనే నీళ్ళు కొట్టి పోయేవాడు. అది కూడా అబద్ధం కాదు.

కోర్టు నోటీసు తలుపుకు అంటించి పోయిన రోజు పై గదిలో ఉండే తిరుపాలు దాన్ని చాలాసేపు చూశాడు. కదిరి వైపు మనిషి, సెంట్రింగు పని. చదువు రాదు కానీ కాగితానికి ఉన్న ముద్ర చూసి చదివినంత పని చేశాడు.

"అక్కా, ఇంగ బాడిగ ఎవురికియ్యాల?"

"కోర్టులో కట్టాలంట తిరుపాలూ."

"కోర్టు మనకు నల్లా రిపేరీ చేయిస్తాదా?"

నవ్వొచ్చింది. ఆ వేసవి మొత్తానికి నేను నవ్వింది అదొక్కసారే అనుకుంటాను. నోటీసులో ఉన్నది భవ్య చదివి చెప్పింది. ఈ ఇల్లు మా అన్న అక్రమంగా సంపాదించిన ఆస్తి అని అనుమానం. కేసు తేలేదాకా అమ్మకూడదు, రాసివ్వకూడదు. బాడిగలు కోర్టుకు కట్టాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఫలానా తేదీలోగా కోర్టుకు వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఒప్పుకున్నట్టే.

భవ్య స్నేహితురాలికి అక్క, మమత అని, సిటీ కోర్టుల దగ్గర వకీలు. ఒక సందులో మెట్లెక్కితే ఆమె గది. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు.

"రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే ఉంది కదా ఆంటీ. అది చాలదా అని అడుగుతారు అందరూ. చాలదు" అంది మమత. "పేరు మీది, డబ్బు ఆయనది అంటున్నారు వాళ్ళు. డబ్బు మీదే అని మీరు చూపించాలి. ఎక్కడినుంచి వచ్చింది?"

"మా ఇంటాయన భాగం మగ్గాలు అమ్మినాం. నా మెళ్ళోది అమ్మినా. మిగతాదంతా హనుమక్క చీటీ. నెలనెలా మెస్ డబ్బు ఆ చీటీలోనే ఏసేదాన్ని."

"చీటీకి రసీదులు?"

"హనుమక్కకు రాయడం రాదమ్మా. నోటి లెక్కే. అందుకే అందరం నమ్మేవాళ్ళం."

మమత పెన్ను మూత పెట్టింది. "ఆమెను పిలిపిద్దామా?"

"పోయింది. మూడేళ్ళయింది."

మమత నోటీసు మడిచి నా చేతికిచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మామూలు కేసుల్లో దొంగ అని వాళ్ళు నిరూపించాలి. ఇక్కడ దొర అని మీరే నిరూపించుకోవాలి ఆంటీ. మీ తప్పేం లేకపోయినా సరే."

మెట్లు దిగుతుండగా భవ్య ఉన్నట్టుండి ఆగింది. రాత్రి నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒక్కటి చెప్పమ్మా. ఇది నా ఇల్లు అని నువ్వు లైఫ్‌లో ఎవరితోనైనా ఒక్కసారైనా చెప్పినావా? నాతోనైనా? మామ కట్టిచ్చినాడనే కదా నేను కూడా స్కూల్లో అందరికీ చెప్పింది."

నేను మెట్లు చూసుకుంటూ దిగాను. అవి నున్నగా అరిగి ఉన్నాయి, జారతానని భయం వేసింది.

ఆ ఆదివారం జయనగర్ నుంచి పిలుపు వచ్చింది. అన్నను అప్పటికే సస్పెండ్ చేశారు. గడ్డం మాసింది. చొక్కా వేసుకోకుండా వరండాలో కూర్చుని ఉన్నాడు, నేను చూస్తుండగా పేపరు ఒకే పేజీ రెండుసార్లు తిప్పాడు. లోపల రెండు బీరువాలకు లక్క ముద్రలు. వదిన చాప మీద కూర్చుని ఆవకాయకు మామిడికాయ ముక్కలు కొడుతోంది. ఏ ఏడాదైనా ఆ పనికి మనిషిని పెట్టేవాళ్ళు. మా అమ్మ గోడకు ఆనుకుని ఆ ముక్కల్లోంచి జీళ్ళు ఏరుతోంది.

"కూచో ఛాయా" అన్నాడు అన్న. "తింటివా?"

"తిన్నాన్నా."

పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత అన్న గొంతు సవరించుకున్నాడు.

"మా వకీలు ఒక మాట చెప్పినాడు. వాళ్ళు ఈ ఇల్లూ నీ ఇల్లూ రెండూ పట్టుకున్నారు. కోర్టుకు కావాల్సింది ఒక లెక్కకు సరిపడే ఆస్తి. ఒకటి వాళ్ళ చేతిలో నిలబడితే ఇంకోటి విడిపించుకునేదానికి దారి ఉండాదంట."

అన్న మళ్ళీ పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు అబ్జెక్షన్ వెయ్యకుండా ఊరికే ఉంటే చాలు. చందాపురది వాళ్ళు పెట్టుకుంటారు. ఇది మనకు నిలుస్తాది. అమ్మకు ఈ వయసులో ఇల్లు మారేది కాదు కదా. నువ్వూ భవ్యా వచ్చి పై రూములో ఉండండి. నేను కాదంటానా?"

"మెస్సు?"

"ఇంగా ఎన్నాళ్ళు చేస్తావు మెస్సు? ఈ చేతులు చూడు, యాడ చూసినా కాలిన మచ్చలే."

వదిన కత్తిపీట ఆపలేదు, తల ఎత్తలేదు. నాకు కోపం రావాలి. నేనే దాని కోసం ఎదురు చూస్తున్నట్టు కూర్చున్నాను, అది రాలేదు. బదులుగా ఒక చీమ మామిడి జీడి మీదికి ఎక్కలేక మళ్ళీ మళ్ళీ జారిపోవడం చూశాను. ఒళ్ళంతా ఎవరో మొద్దుబారే సూది వేసినట్టుంది.

"అన్నా, ఆ ఇల్లు నీది కాదు కదా" అన్నాను చివరికి.

"నాకు తెలీదా?" అన్నాడు అన్న. "నాకు తెలిసి ఏం లాభం? ఊరంతా నాదంటా ఉండారు. అమ్మే అనింది."

అమ్మ జీళ్ళు ఏరడం ఆపి చేతులు తుడుచుకుంది. "అన్న చెప్పినట్టు ఇను మ్మే. వాడు పీటల మీద కూచున్నాడు కాబట్టే నీ ఇంట్లో నలుగురు అడుగు పెట్టినారు. అది మరిచిపోతే ఎట్ల?"

సరేనని అనలేదు, కాదని కూడా అనలేదు. వదిన ఒక సంచిలో మామిడికాయలు వేసి ఇచ్చింది. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మనహళ్ళి దాటేసరికి వాన మొదలైంది, మామిడి పూత రాల్చే వాన కాదు, కాయలు పండించే వాన. కిటికీ అద్దం మూయమని వెనక సీటావిడ అరిచింది. నేను తడిసిపోయాక గానీ మూయలేదు.

ఇంటికి వచ్చి తలుపు తెరవబోతే నోటీసు తడిసి ఒక మూల ఊడి వేలాడుతోంది. వంటింట్లోంచి మైదా జిగురు తెచ్చి దాన్ని మళ్ళీ అంటించాను. అంటిస్తూ ఉండగా నాకే వింతగా అనిపించింది. నా తలుపు మీద ఈ ఇల్లు నీది కాదన్న కాగితాన్ని నేనే సరిగ్గా అంటిస్తున్నాను. మరుసటి రోజు డబ్బాలు పంపాక భవ్యను లేపాను.

"ఆ వకీలమ్మ యాడ సంతకం పెట్టమనింది?"

భవ్య దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఉంచాలని నాకు చాలా అనిపించింది, కానీ పొయ్యి మీద పప్పు ఉంది.

మే నెలంతా కోర్టుకు సెలవులు. ఆ నెలంతా మమత చెప్పినట్టు నేను చుట్టాలకు ఫోన్లు చేశాను. ఇల్లు నేను కట్టానని ఎవరైనా వచ్చి చెప్పాలి. పినతల్లి కూతురు, కబ్బన్‌పేటలో మా పాత మగ్గాల భాగస్థులు, హనుమక్క చీటీలో ఉన్న ఆడవాళ్ళు, ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. "అట్లనా ఛాయా? మేము గురుమూర్తి కట్టిచ్చినాడనే ఇన్నాం కదా. గిన్నె కూడా ఇచ్చినారు, మా ఇంట్లోనే ఉండాది" అన్నారు. చీటీవాళ్ళయితే చీటీ అన్న మాట వినగానే తమ ఇంటికి కూడా జీపు వస్తుందేమోనని ఫోన్ పెట్టేశారు. వాళ్ళను అనేదేముంది, మేమందరం నోటి లెక్కల మీదే బతికినవాళ్ళం.

చివరికి మిగిలింది మా అమ్మ. నిజానికి ఆమె ఒక్కతే చాలు. హనుమక్క, మా అమ్మ ముప్పై ఏళ్ళు ఒకే గడప మీద కూర్చుని ఒకే ఆకుసంచిలో చెయ్యి పెట్టి వక్కాకు నమిలినవాళ్ళు. చీటీ పాడిన ప్రతిసారీ నేను డబ్బు తెచ్చి ఇచ్చింది మా అమ్మ చేతికే. సైటు కొనేదాకా అది ఆమె చీరల పెట్టెలోనే ఉండేది. ఇసుక లారీకి, ఇటుకకు, సిమెంటుకు ఆ పెట్టెలోంచే తీసి ఇచ్చింది.

సెలవులు అయిపోయే ముందు ఒక సాయంత్రం జయనగర్ వెళ్ళాను. అన్న ఇంట్లో లేడు. అమ్మ తులసికోట దగ్గర నీళ్ళు పోస్తోంది.

"అమ్మా, కోర్టులో నిన్ను అడుగుతారు. నువ్వేం ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. హనుమక్క చీటీ సంగతి, డబ్బు నీ పెట్టెలో దాచిన సంగతి, అంతే. ఉన్నదే చెప్పు."

అమ్మ చెంబు కింద పెట్టింది. నా మొహం వైపు చాలాసేపు చూసింది. ఆమెకు శుక్లాలు వచ్చాయి, దగ్గరికి వస్తే గానీ మొహం కనబడదు. చేత్తో నా చెంప తడిమింది. "ఎంత నల్లబడినావే" అంది. తర్వాత "వస్తాలే. ఉన్నదే చెప్తా" అంది.

నేను నమ్మాను. ఆ వేసవిలో నాకు నిజంగా ఏదైనా అనిపించిందంటే అది ఆ పూటే. బస్సు దిగి మల్లెపూలు కొన్నాను. నాకు కాదు, భవ్యకు.

జూన్ మొదట్లో విచారణ. హాలు చిన్నది, జనం ఎక్కువ, గొడుగుల నీళ్ళతో నేల తడిగా ఉంది. అన్న ఒక మూల తన వకీలు పక్కన కూర్చున్నాడు, నన్ను చూసి తల ఊపాడు. విభూతి పెట్టుకున్న ఆఫీసరు కూడా వచ్చాడు. ఆయన ముందు బల్ల మీద ఆ గిన్నె ఉంది, దాని మెడకు దారంతో చీటీ కట్టి ఉంది. నన్ను పిలిస్తే వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పీటల మీద ఎందుకు కూర్చోలేదని సర్కారు వకీలు అడిగాడు. "మొగుడు లేడు కాబట్టి" అన్నాను. గిన్నె మీద పేరెందుకు లేదని అడిగాడు. "మొగుడు లేడు కాబట్టి" అని మళ్ళీ అదే చెప్పాను. ఆఫీసరు తల వంచుకుని గిన్నె వైపు చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది. జడ్జికి కూడా అర్థమయ్యే ఉంటుంది. కానీ అర్థం కావడం వేరు, రుజువు వేరు.

తర్వాత అమ్మను పిలిచారు. బంట్రోతు చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించాడు. మమత తెలుగులోనే అడిగింది, గుమాస్తా కన్నడంలో రాసుకున్నాడు.

"ఓబులమ్మగారూ, చందాపుర ఇల్లు ఎవరు కట్టించినారో కోర్టువారికి చెప్పండి."

అమ్మ కళ్ళు చికిలించి హాలంతా వెతికింది. ఎవరి కోసమో నాకు తెలియలేదు. ఆ దూరం నుంచి ఆమెకు ఎవరూ కనబడరు.

"మా కొడుకే కట్టిచ్చినాడు సామీ" అంది.

మమత ఒక్క క్షణం నా వైపు తిరిగింది. మళ్ళీ అడిగింది. "డబ్బు మీ అమ్మాయి హనుమక్క చీటీలో దాచింది కదా? ఆ డబ్బు మీ పెట్టెలోనే పెట్టినారు కదా?"

"హనుమక్క ఎవురో నాకు తెలీదు" అంది అమ్మ.

అన్న నేల వైపు చూస్తున్నాడు. బయట వాన గట్టిగా పడుతోంది. భవ్య నా పక్కనుంచి లేచి హాల్లోంచి వెళ్ళిపోయింది. నేను గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాను. దాని అంచున చిన్న సొట్ట ఉంది, అది ఏ రోజు పడిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

తీర్పు తర్వాత వచ్చింది, కానీ అదేమిటో ఆ మధ్యాహ్నమే అందరికీ తెలుసు. నా అభ్యంతరం కొట్టేశారు. జయనగర్ ఇల్లు విడుదలైంది. అన్న కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నన్ను ఖాళీ చేయించలేదు, ఉండాలంటే బాడిగ కట్టమన్నారు. తిరుపాలు పై గదులకు కోర్టులో కడతాడు, నేను కింది ఇంటికి కడతాను. నల్లా రిపేరీ మాత్రం ఇప్పటికీ నేనే చేయిస్తాను.

అమ్మ సాక్ష్యం చెప్పిన రోజు కోర్టు బయట అన్న తన వకీలుతో కార్లో వెళ్ళిపోయాడు, ఏవో కాగితాల పని ఉందట. వదిన పుట్టింటికి పోయి అప్పటికి వారమైంది. అమ్మ మెట్ల మీద చీర కొంగు తల మీద కప్పుకుని నిలబడి ఉంది.

"ఆకలైతా ఉండాది" అంది.

ఆమె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి, తర్వాత బస్సు ఎక్కించి చందాపుర తీసుకొచ్చాను. ఇంటికి వచ్చాక ఆమె చీర తడిసిందని నా చీర ఇచ్చాను. సంగటి కెలికాను. పొద్దున చేసిన బస్సారు, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో పెట్టే చారు, వేడి చేశాను. పీట వేసి కూర్చోబెట్టి, అలమారలో చేతికి ఏది తగిలితే అందులో పోసి ముందు పెట్టాను. పెట్టాక చూశాను, అది ఆ గిన్నెల్లోదే ఇంకొకటి. అమ్మకు అక్షరాలు కనబడవు. కనబడినా చదవడం రాదు.

అమ్మ ముద్ద బస్సారులో అద్దుకుని మింగింది. నోట్లో పళ్ళు లేవు, సంగటి ఆమెకు సుఖం. సగం తిన్నాక చెయ్యి ఆపింది.

"హనుమక్క ఇంగ కల్లో కూడా నన్ను దగ్గరికి రానీదు" అంది.

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను.

"ఏందీ మాట్లాడవు?" అంది. "నీకు చేతులుండాయి మ్మే. యాడికి పోయినా వండుకోని తింటావు, పదిమందికి పెడతావు. వాడికేముండాది, ఆ ఇల్లు తప్ప?"

బయట వాన తగ్గింది. సాయంత్రం డబ్బాలకు బియ్యం కడగాలి. గిన్నెలో బస్సారు అయిపోవచ్చింది.

"ఇంకో ముద్ద పెట్టనా?" అన్నాను.

"సగం చాలు" అంది అమ్మ.